బోటు రికార్డు రీస్టోర్ చేస్తే తీసేసిన బిల్లులు కూడా తిరిగొస్తున్నాయి: సాఫ్ట్ డిలీట్ గురించి సలహా కావాలి

#1 హార్బర్_కోడర్

అందరికీ నమస్కారం. మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు ఐసు, వంట సరుకులు అప్పు మీద ఇచ్చే ఒక వ్యాపారి ఖాతాల వెబ్ యాప్‌ని చూసుకుంటున్నాను. లారావెల్ (పీహెచ్‌పీలో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్), డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. రాసినవాళ్లు వేరే, ఇప్పుడు నిర్వహణ నాది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది కదా. ఆ 61 రోజులూ మర బోట్లు జెట్టీ దగ్గరే ఉంటాయి. జాబితా పొడవు తగ్గుతుందని కౌంటర్‌లో గుమాస్తా గారు కదలని బోట్లను డిలీట్ కొడతారు. యాప్‌లో ఉన్నది సాఫ్ట్ డిలీట్. రికార్డు టేబుల్‌లోనే ఉంటుంది, డిలీటెడ్_ఎట్ కాలమ్‌లో సమయం పడుతుంది, స్క్రీన్ మీద మాత్రం కనిపించదు. వేట మొదలయ్యే రోజు "మా బోటు పేరు రావట్లేదేంటి" అని సరంగులు (బోటు నడిపేవాళ్లు) కౌంటర్ ముందు నిలబడతారు. అప్పుడు గుమాస్తా గారు రీస్టోర్ (వెనక్కి తేవడం) నొక్కుతారు.

నొక్కగానే బోటు వస్తుంది, దాని బిల్లులన్నీ వస్తాయి. సీజన్ మధ్యలో తప్పుగా కొట్టి తీసేసిన బిల్లులు కూడా వాటితో కలిసి వచ్చేస్తున్నాయి. బాకీ పెరిగి కనిపిస్తోంది. యజమానులు గొడవ పడుతున్నారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. పైగా ఈ రెండు నెలల్లో కొన్ని బోట్లు చేతులు మారాయి. కొత్త యజమాని పేరుతో, అదే రిజిస్ట్రేషన్ నంబరుతో ఇంకో రికార్డు తెరిచారు. పాతది కూడా రీస్టోర్ చేస్తే ఒకే నంబరుతో రెండు బోట్లు కనిపిస్తున్నాయి. ఇవి చాలవన్నట్టు డాష్‌బోర్డులో మొత్తం బాకీ ఒక అంకె, నెలవారీ రిపోర్టులో ఇంకో అంకె.

సాఫ్ట్ డిలీట్ మొత్తం తీసేయాలా, లేక దీన్నే సరిగ్గా పెట్టుకునే దారి ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 ఏయూ_ఫైనలియర్

నాకూ ఇదే సందేహం అన్నా. మా ప్రాజెక్టులో కూడా డిలీటెడ్_ఎట్ పెట్టమన్నారు. నిజంగానే డిలీట్ చేసేసి, కావాలంటే రాత్రి బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు కదా? ప్రతి క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) తీసేయనివే చూపించు అన్న షరతు మోయడం ఎందుకు?

#3 సీతమ్మధార_డీబీఏ

ముందు తమ్ముడికి జవాబు. బ్యాకప్ నుంచి ఒక్క బోటు వివరాలు తేవాలంటే మొత్తం డంప్‌ని (డేటాబేస్ నకలు ఫైలుని) వేరే సర్వర్‌లో ఎక్కించాలి. అందులోంచి ఆ బోటు, దాని బిల్లులు, జమలు ఏరాలి. ఈలోపు లైవ్‌లో మారిన వాటితో సరిపోల్చాలి. కౌంటర్ ముందు సరంగు నిలబడి ఉండగా అయ్యే పని కాదది. బ్యాకప్ పెట్టుకునేది డిస్క్ పోయినప్పటికి, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి రోజుకి. రోజూ కౌంటర్‌లో జరిగే పొరపాట్లకు యాప్‌లోనే దారి ఉండాలి.

ఇక హార్బర్_కోడర్ గారికి. డిలీట్ బటన్ రాయడం పది నిమిషాల పని. రీస్టోర్ అలా కాదు. డిలీట్‌కీ రీస్టోర్‌కీ మధ్య ప్రపంచం కదులుతూనే ఉంటుంది. బోటు అమ్ముడుపోతుంది, నంబరు ఇంకొకరికి వెళ్తుంది, టేబుల్‌లో కొత్త కాలమ్‌లు చేరతాయి. అందుకే నేను ఏ టేబుల్‌కి సాఫ్ట్ డిలీట్ పెట్టేటప్పుడైనా ముందు రీస్టోర్ ఎలా జరుగుతుందో కాగితం మీద రాయిస్తాను. అది రాయలేకపోతే ఆ టేబుల్‌కి సాఫ్ట్ డిలీట్ వద్దంటాను.

మీ మొదటి ఇబ్బంది ఎక్కడుందో చూడకుండానే చెప్పగలను. బోటు మోడల్‌లో (బోటు టేబుల్‌ని నడిపే కోడ్‌లో) రీస్టోర్డ్ ఈవెంట్ ఉంటుంది, రీస్టోర్ కాగానే నడిచేది. అందులో ఆ బోటు బిల్లులన్నిటికీ విత్‌ట్రాష్డ్ (దాగినవాటిని కూడా కలుపు అని) పెట్టి రీస్టోర్ పిలిచి ఉంటారు. ఏ బిల్లు బోటుతోపాటు దాగింది, ఏది అంతకుముందే విడిగా తీసేసింది అన్న తేడా ఆ కోడ్‌కి తెలియదు. చూసి చెప్పండి.

దీనికి చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది: బోటు డిలీటెడ్_ఎట్, బిల్లు డిలీటెడ్_ఎట్ ఒకే సమయం అయితేనే బిల్లుని వెనక్కి తేవడం. దాన్ని నమ్మకండి. లారావెల్ మామూలుగా ఈ కాలమ్‌ని సెకన్ల వరకే పెడుతుంది. బిల్లులు ఎక్కువున్న బోటుని తీసేస్తే పని రెండు సెకన్ల మీద పరుచుకోవచ్చు, అప్పుడు సగం బిల్లులకు ఒక సమయం, మిగతా వాటికి ఇంకో సమయం పడుతుంది. డిలీట్_బ్యాచ్ అని ఒక కాలమ్ పెట్టండి. డిలీట్ నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త యూయూఐడీ (రెండోసారి రాని గుర్తింపు సంఖ్య) తయారుచేసి, ఆ నొక్కుతో దాగిన అన్ని రికార్డులకూ అదే వేయండి, మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు). రీస్టోర్ ఆ బ్యాచ్‌ని మాత్రమే తెస్తుంది. పక్కనే ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్న కాలమ్‌లు కూడా ఉంచండి. గొడవ వచ్చిన రోజు అవే మాట్లాడతాయి.

ఇదంతా బిల్లులు నిజంగా బోటుతోపాటు దాగాలి అనుకుంటేనే. నా అభిప్రాయంలో అసలు దాగకూడదు.

#4 హార్బర్_కోడర్

మేడమ్, మీరు చెప్పిన చోటే ఉంది, రీస్టోర్డ్ ఈవెంట్‌లో అచ్చంగా ఆ లైనే. బిల్లులు దాగకూడదు అన్నారు, మరి బోటు దాగితే బిల్లు పేజీ ఏమవుతుంది? ఇప్పుడు కూడా ఒక్కోసారి బిల్లు ప్రింట్ దగ్గర ఎర్రర్ వస్తోంది.

#5 సీతమ్మధార_డీబీఏ

ఆ ఎర్రర్ కారణం వేరే. బిల్లు నుంచి బోటుకి వెళ్లే బిలాంగ్స్‌టూ సంబంధం కూడా దాగిన బోటుని వడపోస్తుంది, నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది. నల్ మీద పేరు అడిగితే పేజీ పడిపోతుంది. ఆ సంబంధం చివర విత్‌ట్రాష్డ్ కలపండి. బోటు జాబితాలో కనిపించదు, పాత బిల్లు మీద మాత్రం దాని పేరు ఎప్పటిలాగే వస్తుంది.

#6 మధురవాడ_జాంగో

ఇక్కడ జాంగో (పైథాన్ ఫ్రేమ్‌వర్క్) వేరేగా ఉంటుంది. వేరే భాష నుంచి మారేవాళ్లు తడబడే చోటు ఇది, అందుకే చెప్తున్నా. జాంగోలో సాఫ్ట్ డిలీట్ సొంతంగా లేదు, మనమే మేనేజర్ (టేబుల్ నుంచి రికార్డులు తెచ్చే కోడ్) రాసుకుంటాం. బిల్లు నుంచి బోటుకి వెళ్లేటప్పుడు జాంగో మన మేనేజర్‌ని వాడదు, బేస్ మేనేజర్‌ని వాడుతుంది, కాబట్టి దాగిన బోటు కూడా దొరుకుతుంది. బోటు నుంచి బిల్లులకు వెళ్లేటప్పుడు మాత్రం డిఫాల్ట్ మేనేజర్‌ని వాడుతుంది, అంటే వడపోత జరుగుతుంది. రెండు దిక్కులా రెండు తీరులు. బేస్ మేనేజర్‌లో వడపోత పెట్టొద్దని జాంగో డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది.

#7 రుషికొండ_బ్యాకెండ్

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. డిలీటెడ్_ఎట్ పద్ధతిలో అసలు లోపం ఏంటంటే, మర్చిపోతే తప్పు జరుగుతుంది. ప్రతి క్వెరీ రాసేవాడికి గుర్తుండాలి. హార్బర్_కోడర్, మీ డాష్‌బోర్డుకి, రిపోర్టుకి తేడా అందుకే వచ్చి ఉంటుంది. డాష్‌బోర్డు మోడల్ ద్వారా వెళ్తోంది, రిపోర్టులో మోడల్ లేకుండా డీబీ టేబుల్ అని నేరుగా జాయిన్ (టేబుళ్లను కలిపే క్వెరీ) రాసి ఉంటుంది. మోడల్ మీద ఉన్న వడపోత అలా నేరుగా రాసే క్వెరీ బిల్డర్‌కి వర్తించదు. మోడల్‌తో మొదలుపెట్టినా, జాయిన్ చేసిన రెండో టేబుల్‌కి వర్తించదు.

మేం వాడే పద్ధతి: నిజంగానే డిలీట్ చేస్తాం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ట్రిగ్గర్ (రికార్డు మారగానే డేటాబేస్ తానే నడిపే కోడ్) పెట్టి, పోయే రికార్డు మొత్తాన్ని జేసన్‌గా (పేరు, విలువ జతలుగా రాసిన పాఠంగా) మార్చి, డిలీటెడ్_రికార్డ్స్ అనే ఒకే టేబుల్‌లో దాస్తాం. టేబుల్ పేరు, పాత ఐడీ, సమయం, జేసన్. అసలు టేబుళ్లు శుభ్రంగా ఉంటాయి, యూనిక్ షరతులు (ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపేవి) మామూలుగా పనిచేస్తాయి, ఫారిన్ కీలు (బిల్లు చూపే బోటు నిజంగా ఉండాలనే కట్టడి) నిజంగా కాపలా కాస్తాయి. సాఫ్ట్ డిలీట్‌లో ఫారిన్ కీ ఏమీ పట్టించుకోదు, ఎందుకంటే డేటాబేస్ దృష్టిలో జరిగింది అప్‌డేట్, డిలీట్ కాదు. ఆన్ డిలీట్ కాస్కేడ్ (బోటు పోతే దాని బిల్లులూ పోవాలి అని) రాసినా అది కదలదు. వెనక్కి తేవాలంటే జేసన్‌బీ_పాపులేట్_రికార్డ్ ఉంది, ఒక్క ఇన్సర్ట్‌తో రికార్డు తిరిగొస్తుంది.

#8 సీతమ్మధార_డీబీఏ

పోస్ట్‌గ్రెస్‌లో మీరన్నది మంచి పద్ధతి, కాదనను. కానీ ఈయన మైఎస్‌క్యూఎల్ 5.7 మీద ఉన్నారు. అక్కడ రెండు గుంతలున్నాయి.

మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ కాస్కేడ్ వల్ల పోయే రికార్డులకు ట్రిగ్గర్ నడవదు. బోటుని డిలీట్ చేస్తే బోటు ట్రిగ్గర్ నడుస్తుంది, కాస్కేడ్‌తో పోయిన బిల్లుల ట్రిగ్గర్ నడవదు. ఆర్కైవ్‌లో బోటు ఉంటుంది, బిల్లులు ఎక్కడా ఉండవు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ బాధ లేదు.

ఇంకోటి ఆటో ఇంక్రిమెంట్, అంటే కొత్త రికార్డుకి తర్వాతి ఐడీ ఇచ్చే లెక్క. 8.0 కి ముందు ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇంజిన్) ఆ లెక్కని మెమరీలోనే ఉంచేది. సర్వర్ రీస్టార్ట్ అయితే, టేబుల్‌లో మిగిలిన గరిష్ఠ ఐడీకి ఒకటి కలిపి అక్కడి నుంచి మొదలుపెట్టేది. చివరి బోటుని నిజంగా డిలీట్ చేసి, ఆ రాత్రి కరెంటు పోయి సర్వర్ లేచిందనుకోండి. మర్నాడు చేరే కొత్త బోటుకి ఆ పాత ఐడీనే రావచ్చు. ఆర్కైవ్‌లోది ఎలా వెనక్కి తెస్తారు? 8.0 లో ఈ లెక్క డిస్క్ మీద నిలుస్తుంది. 5.7 కి మద్దతు 2023 అక్టోబరులోనే అయిపోయింది, కాబట్టి ఎలాగూ మారాలి.

#9 రుషికొండ_బ్యాకెండ్

కాస్కేడ్, ట్రిగ్గర్ సంగతి నాకు తెలియదు మేడమ్, థ్యాంక్స్. ఒప్పుకుంటున్నాను, మైఎస్‌క్యూఎల్‌లో ఇది యాప్ కోడ్ నుంచి చేయాలి. మా పద్ధతిలో ఉన్న బరువు కూడా చెప్పాలి: డిలీట్ తర్వాత టేబుల్‌కి తప్పనిసరి కాలమ్ ఒకటి కలిపితే, పాత జేసన్‌లో అది ఉండదు, రీస్టోర్ అక్కడ ఆగుతుంది. అరుదుగా రీస్టోర్ చేసే వాటికే ఇది నప్పుతుంది. ఈయన కేసులో ఏటా జూన్‌లో రీస్టోర్ జరుగుతోంది, అంటే అది డిలీటే కాదేమో.

#10 ఎంవీపీ_ఫ్రంటెండ్

నేనూ అదే రాద్దామనుకున్నా. గుమాస్తా గారికి కావాల్సింది చిన్న జాబితా, అంతే. కదలని బోట్లను తీసేయడం తప్ప ఆయనకి ఇంకో దారి స్క్రీన్ మీద లేదు. ఇటీవల బిల్లు పడిన బోట్లు పైన చూపించండి, మిగతావి "నిలిపిన బోట్లు" అనే ట్యాబ్‌లో పెట్టండి. జూన్ 15న బిల్లు కొట్టగానే బోటు దానంతట అదే పైకి రావాలి. డిలీట్ బటన్‌ని ఆ స్క్రీన్ నుంచి తీసేసి వివరాల పేజీలో లోపలికి పెట్టండి.

పొరపాటున నొక్కిన డిలీట్‌కి వేరే మందు ఉంది. నొక్కగానే కింద "తీసేశాం, వెనక్కి తేవాలా?" అని కొన్ని సెకన్లు చూపించడం. "నిజంగా డిలీట్ చేయాలా" అన్న ప్రశ్నని ఎవరూ చదవరు, వేలు దానంతట అదే అవును మీద పడుతుంది.

#11 సీతమ్మధార_డీబీఏ

సరిగ్గా చెప్పారు. డేటాబేస్‌లో నిజంగా ఏం జరిగిందో దాన్నే రాయాలి. నిషేధం వల్ల ఆగిన బోటు ఉంది. అమ్మేసిన బోటు ఉంది. ఇక ఎప్పటికీ సముద్రంలోకి వెళ్లని బోటు ఉంది. 2023 నవంబరులో మన హార్బర్‌లోనే అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి కదా. అలాంటి బోటు ఇక లేదు, నిజమే. కానీ దాని యజమానికి ఆ బోటు నడిచిందనడానికి మిగిలిన రుజువుల్లో మీ దగ్గరున్న ఐసు బిల్లులూ ఉంటాయి. దాన్ని డిలీట్ అని ఒక్క తేదీతో కప్పేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. వీటన్నిటికీ ఒకే డిలీటెడ్_ఎట్ వాడటం వల్లే రీస్టోర్ దగ్గర అయోమయం. స్థితి అనే కాలమ్ పెట్టండి: నడుస్తోంది, నిలిపారు, అమ్మారు, ధ్వంసమైంది. ఎప్పటి నుంచి అన్న తేదీ పక్కన ఉండాలి. డిలీటెడ్_ఎట్‌ని పొరపాటున తెరిచిన రికార్డులకే వదిలేయండి.

అమ్మిన బోట్లకు స్థితి ఒక్కటీ చాలదు. బోటు ఒక టేబుల్, యజమాని ఒక టేబుల్, మధ్యలో యాజమాన్యం అని మూడో టేబుల్: ఏ బోటు, ఎవరిది, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. బిల్లులు బోటు మీద కాకుండా ఆ యాజమాన్యం ఖాతా మీద పడాలి. అప్పుడు పాత యజమాని బాకీ ఆయన దగ్గరే ఉంటుంది, కొత్తాయన సున్నాతో మొదలవుతాడు, నంబరు ఒక్క బోటుదే ఉంటుంది. కొత్త రికార్డు తెరవాల్సిన అవసరమే రాదు.

#12 హార్బర్_కోడర్

ఇది బాగా వెలిగింది మేడమ్. మా యజమాని కూడా వెంటనే ఒప్పుకుంటారు, ఆయన పుస్తకంలో రాసుకునే పద్ధతి ఇదే.

యూనిక్ షరతు గురించి ఒక ప్రశ్న. పొరపాటు రికార్డులకు సాఫ్ట్ డిలీట్ ఉంటుంది కాబట్టి నంబరు మళ్లీ వాడగలగాలి. రిజిస్ట్రేషన్ నంబరు, డిలీటెడ్_ఎట్ రెండూ కలిపి యూనిక్ పెడితే సరిపోతుందా? నెట్‌లో చాలా చోట్ల ఇదే ఉంది.

#13 సీతమ్మధార_డీబీఏ

సరిపోదు, దానివల్ల ప్రమాదం కూడా ఉంది. బతికి ఉన్న రికార్డుల్లో డిలీటెడ్_ఎట్ నల్. మైఎస్‌క్యూఎల్ యూనిక్ ఇండెక్స్‌లో ఒక నల్ ఇంకో నల్‌తో సమానం కాదు. కాబట్టి ఒకే నంబరుతో ఎన్ని లైవ్ బోట్లనైనా అది లోపలికి రానిస్తుంది. ఆపాల్సినదాన్నే ఆపదు.

పోస్ట్‌గ్రెస్ అయితే పాక్షిక యూనిక్ ఇండెక్స్, చివర డిలీటెడ్_ఎట్ నల్ అయినవాటికే అని ఒక షరతు, పని అయిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫిల్టర్డ్ ఇండెక్స్ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో అలాంటిది లేదు కాబట్టి తిప్పి చేయాలి. లైవ్ అని ఒక జనరేటెడ్ కాలమ్ (వేరే కాలమ్ నుంచి డేటాబేసే లెక్కగట్టేది) కలపండి, డిలీటెడ్_ఎట్ నల్ అయితే 1, లేకపోతే నల్. 5.7 నుంచే ఈ సౌకర్యం ఉంది. తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు, లైవ్ రెండిటి మీద యూనిక్. లైవ్ బోట్లన్నిటికీ 1 కాబట్టి అదే నంబరుతో రెండోది రావడానికి వీల్లేదు. దాగినవి నల్ కాబట్టి ఎన్నైనా ఉండొచ్చు. ఇప్పటికే ఉన్న జంట నంబర్లు సరిచేయకపోతే ఈ ఇండెక్స్ తయారవదు, ముందు అవి చూసుకోండి.

రీస్టోర్‌లో నంబరు ఢీకొంటే డేటాబేస్ ఎర్రర్‌ని అలాగే గుమాస్తా ముందు పడేయకండి. ముందే చూసి, "ఈ నంబరుతో ఫలానా బోటు ఇప్పుడు నడుస్తోంది" అని చెప్పి, ఆ పేజీకి లింకు ఇవ్వండి.

#14 మధురవాడ_జాంగో

జాంగోలో యూనిక్‌కన్‌స్ట్రెయింట్‌కి కండిషన్ ఇవ్వొచ్చు, 2.2 నుంచి ఉంది. పోస్ట్‌గ్రెస్ మీద పాక్షిక ఇండెక్స్‌గా మారుతుంది. మైఎస్‌క్యూఎల్ మీద అది అమలు కాదు, చూసుకోండి.

#15 గాజువాక_టెస్టర్

టెస్టింగ్ వైపు నుంచి కొన్ని. సాఫ్ట్ డిలీట్ ఉన్న యాప్ నా దగ్గరకొస్తే ముందు ఫారాల వాలిడేషన్ చూస్తాను. లారావెల్‌లో ఎగ్జిస్ట్స్ రూల్ నేరుగా టేబుల్‌ని చూస్తుంది, దాగిన బోటు ఐడీ ఇచ్చినా "ఉంది" అంటుంది. పాత ట్యాబ్ తెరిచి ఉంచి, ఇంకో కంప్యూటర్‌లో బోటుని తీసేసి, పాత ట్యాబ్ నుంచి బిల్లు కొట్టండి. చాలా యాప్‌లలో బిల్లు నమోదైపోతుంది. యూనిక్ రూల్ కూడా అంతే, దాగినదాన్ని లెక్కలోకి తీసుకుని "ఈ నంబరు ఇప్పటికే ఉంది" అంటుంది, కానీ జాబితాలో ఎక్కడా కనిపించదు. రెండిటికీ డిలీటెడ్_ఎట్ నల్ అన్న షరతు విడిగా ఇవ్వాలి.

అలాగే ఒకేసారి చాలా రికార్డుల మీద క్వెరీతో డిలీట్ గానీ రీస్టోర్ గానీ పిలిస్తే మోడల్ ఈవెంట్లు రావు. ఈవెంట్ మీద ఆధారపడి రాసిన బ్యాచ్ కోడ్ అక్కడ నిశ్శబ్దంగా ఆగిపోతుంది. డీబీఏ మేడమ్ చెప్పిన బ్యాచ్ పనిని ఈవెంట్‌లో కాకుండా ఒక సర్వీస్ క్లాసులో పెట్టండి. తీసేసేది, తెచ్చేది రెండూ ఆ ఒక్క చోటు నుంచే జరగాలి.

ఇంకా: రాత్రి పూట నడిచే పనులు. బాకీ గుర్తు చేసే వాట్సాప్ సందేశాలు మీ యాప్‌లో ఉన్నాయా? ఉంటే ఆ క్వెరీ తప్పకుండా చూడండి. బోటు అమ్మేసిన మనిషికి ఆ బోటు కొత్త బాకీ గురించి సందేశం వెళ్తే అది చిన్న విషయం కాదు, పరువు సంగతి.

#16 హార్బర్_కోడర్

ఉన్నాయండీ. ఇప్పుడే చూశాను, ఆ జాబ్ నేరుగా ఎస్‌క్యూఎల్‌తో రాసి ఉంది, డిలీటెడ్_ఎట్ ఊసే లేదు. సందేశాలు ఆపేశాను. మంచి మాట చెప్పారు.

#17 డాబాగార్డెన్స్_అకౌంట్స్

నేను ప్రోగ్రామర్‌ని కాదు, అకౌంట్స్ మనిషిని. బిల్లులు తీసేయడం అన్న మాట చదివి ఆగలేక రాస్తున్నాను. చిట్టాలో తప్పు పడితే కాగితం చింపం, గీత కొట్టి పక్కన సంతకం పెడతాం. యాప్‌లో కూడా అంతే ఉండాలి.

జీఎస్టీ కింద ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తుంటే రూల్ 46 ప్రకారం వరుస నంబరు ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు రెండోసారి రాకూడదు. జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) లో టేబుల్ 13 ఉంటుంది. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇచ్చారు, మొత్తం ఎన్ని, అందులో రద్దు చేసినవి ఎన్ని అని అడుగుతుంది. మీ యాప్‌లో బిల్లు మాయమైతే రద్దు లెక్క ఎక్కడి నుంచి తెస్తారు? జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచాలి. కంపెనీ అయితే ఇంకా గట్టి నియమం ఉంది, 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. మీ వ్యాపారి కంపెనీ కాకపోయినా ఆ పద్ధతి మంచిదే.

బిల్లుకి డిలీట్ బటన్ తీసేయండి. రద్దు అని పెట్టండి, కారణం రాయనిదే రద్దు కాకూడదు. రద్దైన బిల్లు జాబితాలో గీతతో కనిపించాలి, బాకీలో కలవకూడదు. రిటర్న్ వేసేశాక తప్పు తెలిస్తే రద్దు కూడా కుదరదు, క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వాలి. రద్దు చేసినదాన్ని రీస్టోర్ చేయడం అసలే వద్దు, కొత్త నంబరుతో కొత్త బిల్లు కొట్టుకోండి.

#18 సీతమ్మధార_డీబీఏ

నేను #3 చివర బిల్లులు దాగకూడదు అన్నది ఇందుకే. సార్ వివరంగా చెప్పారు. బిల్లుల మోడల్ నుంచి సాఫ్ట్ డిలీట్ ట్రెయిట్ (ఆ గుణం ఇచ్చే కోడ్ ముక్క) తీసేయొచ్చు. ఒక్క జాగ్రత్త, ఇప్పుడు దాగి ఉన్న బిల్లులను ముందు రద్దు స్థితిలోకి మార్చకుండా ట్రెయిట్ తీస్తే అవన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి.

#19 ఏయూ_ఫైనలియర్

ఇంకో సందేహం. ఒక యజమాని వచ్చి "వ్యాపారం మానేశాను, నా ఫోన్ నంబరు, ఆధార్ మీ దగ్గర తీసేయండి" అంటే? సాఫ్ట్ డిలీట్ చేసి తీసేశామని చెప్పొచ్చా?

#20 రుషికొండ_బ్యాకెండ్

చెప్పకూడదు. డేటా అక్కడే ఉంది కదా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సెక్షన్ 12 తన వివరాలు చెరిపించుకునే హక్కు ఇస్తుంది. ఏదైనా చట్టం ప్రకారం ఉంచాల్సినవి ఉంచొచ్చు. కాబట్టి బిల్లు, అంకెలు, బిల్లు మీద ఉండాల్సిన పేరు ఉంటాయి. ఫోన్, ఆధార్, ఫొటో లాంటివి యజమాని టేబుల్‌లో నిజంగా ఖాళీ చేయాలి. ఐసు అమ్మడానికి ఆధార్ నంబరు ఎందుకు తీసుకున్నారో కూడా ఒకసారి అడగండి, అవసరం లేనిది దాచుకోకపోవడమే మేలు.

బ్యాకప్‌లలో ఆ వివరాలు కొన్నాళ్లు మిగులుతాయి. ఎవరి వివరాలు చెరిపామో వాళ్ల ఐడీలు మాత్రం ఒక చిన్న టేబుల్‌లో ఉంచి, దాన్ని విడిగా దాచండి. ఎప్పుడైనా పాత బ్యాకప్ ఎక్కించాల్సి వస్తే, వెంటనే ఆ జాబితా నడిపి మళ్లీ చెరపాలి. ఇది లేకపోతే చెరిపిన మనిషి వివరాలు బ్యాకప్‌తో లేచి కూర్చుంటాయి.

పొరపాటున తెరిచి దాచిన బోటు రికార్డులకు కూడా ఒక గడువు పెట్టండి. జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులు కదా, మీకు ఒక సీజన్ చాలు. లారావెల్‌లో ప్రూనబుల్ ఉంది, గడువు దాటినవాటిని షెడ్యూల్ ప్రకారం నిజంగానే తీసేస్తుంది. బిల్లు ఒక్కటైనా ఉన్న బోటుని మాత్రం అది ముట్టుకోకుండా షరతు రాయాలి.

#21 హార్బర్_కోడర్

అందరికీ కృతజ్ఞతలు. యజమానితో కూర్చుని మాట్లాడాను. నిలిపిన బోట్ల ట్యాబ్, యాజమాన్యం టేబుల్, బిల్లు రద్దు, ఈ మూడిటికీ ఒప్పుకున్నారు. గుమాస్తా గారు అడిగింది ఒక్కటే, "జూన్‌లో నేను ఏమీ నొక్కక్కర్లేదు కదా" అని.

మిగిలిన చిక్కు ఇది. ఈ సీజన్‌లో ఇప్పటికే రీస్టోర్ అయిన బోట్లలో అసలైన బిల్లులు, తీసేసిన బిల్లులు కలిసిపోయాయి. రీస్టోర్ డిలీటెడ్_ఎట్‌ని నల్ చేసేసింది కాబట్టి ఏది ఏదో టేబుల్ చూస్తే తెలియట్లేదు. విడదీసే మార్గం ఉందా?

#22 సీతమ్మధార_డీబీఏ

ఉంది, బ్యాకప్ ఇప్పుడే పనికొస్తుంది. వేట మొదలవకముందు, అంటే రీస్టోర్‌లు మొదలవకముందు తీసిన రాత్రి డంప్ ఒకటి తీసుకోండి. వేరే డేటాబేస్‌లో ఎక్కించండి, లైవ్ మీద కాదు. అందులో ప్రతి బిల్లుకీ పాత డిలీటెడ్_ఎట్ ఉంటుంది. బోటు దాగిన సమయానికి చాలా ముందే దాగిన బిల్లులు విడిగా తీసేసినవి. సమయం పక్కపక్కనే ఉన్నవి బోటుతోపాటు దాగినవి. ఇందాక సమయం మీద ఆధారపడొద్దన్నాను, అది కోడ్ తనంతట తాను నిర్ణయించేటప్పటి మాట. ఇక్కడ మనిషి చూసి తేల్చుతాడు, రెండు మూడు సెకన్ల తేడా ఉన్నా తెలిసిపోతుంది.

డంప్ లేకపోతే బైనరీ లాగ్ (ప్రతి మార్పునీ సర్వర్ రాసిపెట్టే ఫైలు) చూడండి. 5.7 లో అది మనం ఆన్ చేస్తేనే ఉంటుంది. రో పద్ధతిలో ఉంటే, రీస్టోర్ జరిగిన అప్‌డేట్‌లో పాత విలువ, కొత్త విలువ రెండూ ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ అనే టూల్‌ని వెర్బోస్ ఆప్షన్‌తో నడిపితే చదవగలిగేలా వస్తుంది. ఏ సమయం దగ్గర వెతకాలో అప్‌డేటెడ్_ఎట్ చెబుతుంది, రీస్టోర్ దాన్ని కూడా మారుస్తుంది.

#23 హార్బర్_కోడర్

డంప్ దొరికింది మేడమ్. ఎక్కించి చూశాను, చాలా బోట్లకు తేడా స్పష్టంగా ఉంది. కొన్నిట్లో మాత్రం బోటు తీసేసిన పూటే గుమాస్తా గారు విడిగా బిల్లులు కూడా తీశారు, అవి ఎటూ తేలట్లేదు.

#24 డాబాగార్డెన్స్_అకౌంట్స్

అవి కంప్యూటర్‌తో తేలవు బాబూ. ఐసు దింపినప్పుడు ఇచ్చిన చీటీలు కౌంటర్‌లో ఉంటాయి, సరంగు సంతకం ఉంటుంది. ఆ బోట్ల యజమానులను ఒక్కొక్కరిని పిలిచి, చీటీ ముందు పెట్టుకుని బాకీ ఒప్పుకోండి. ఒప్పుకున్న అంకె రాసి ఇద్దరూ సంతకం చేశాకే మిగతావి రద్దు చేయండి. కారణం గడిలో ఆ తేదీ రాయండి.

#25 సీతమ్మధార_డీబీఏ

సార్ చెప్పినట్టే చేయండి. రద్దు నడిపేముందు ఇప్పటి బిల్లుల టేబుల్‌కి ఒక నకలు తీసి పెట్టండి. అప్‌డేట్ ట్రాన్సాక్షన్‌లో నడిపి, ఎన్ని రికార్డులు మారాయో మీ జాబితాతో సరిచూసి, సరిపోతేనే కమిట్ (ఖాయం) చేయండి. బోటు బోటుకీ విడిగా చేయండి, అన్నీ ఒకేసారి వద్దు. అది అయ్యాక జంట నంబర్లు కలపడం, ఆ తర్వాతే లైవ్ కాలమ్ ఇండెక్స్. ఎక్కడైనా ఆగితే ఆ క్వెరీ ఇక్కడ పెట్టండి, చూస్తాను.